టెక్ సందేహాలు: అమరావతి స్తూపాన్ని వీఆర్‌లో చూపించాలంటే

ప్రశ్న: మా ఏడో తరగతి పిల్లలకు అమరావతి మహాచైత్యం (పెద్ద స్తూపం) ఒకప్పుడు ఎలా ఉండేదో వీఆర్‌లో (వర్చువల్ రియాలిటీలో) చూపించాలనుంది. హెడ్‌సెట్లు లేవు. కొన్ని పాత ఫోన్లు, అట్టపెట్టె వ్యూయర్లు, ల్యాబ్‌లో ఒక కంప్యూటర్ ఉన్నాయి. కుదురుతుందా?
– సాంఘికశాస్త్రం టీచర్, సత్తెనపల్లి

జవాబు: కుదురుతుంది. హెడ్‌సెట్లు కొనకండి, 360 డిగ్రీల నిశ్చల చిత్రాలు నాలుగు చాలు. పాత యూట్యూబ్ పాఠాలు చూసి గూగుల్ ఎక్స్‌పెడిషన్స్ అనే వీఆర్ యాప్ కోసం వెతక్కండి. దాన్ని 2021 జూన్‌లోనే ఆపేశారు.

ముందు ఫోన్లలో గైరోస్కోప్ (ఫోన్ ఎటు తిరిగిందో పసిగట్టే సెన్సర్) ఉందో లేదో చూడండి. యూట్యూబ్‌లో ఏదైనా 360 వీడియో పెట్టి ఫోన్‌ని చేత్తో చుట్టూ తిప్పండి. దృశ్యం తిరగకపోతే ఆ ఫోన్ వ్యూయర్‌కి పనికిరాదు, వేలితో జరిపి చూడ్డానికి ఉంచుకోండి. చవక ఫోన్లలో చాలావాటితో ఇదే ఇబ్బంది.

ఇక మోడల్. బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో ఒక యూనిట్ అంటే ఒక మీటరు. అండానికి (స్తూపం గుమ్మటానికి) ఆధారమైన గుండ్రటి మేధి వ్యాసం సుమారు 50 మీటర్లు, చుట్టూ ఉన్న ప్రాకారం వ్యాసం 59 మీటర్ల దాకా. మధ్యలో మిగిలేది ప్రదక్షిణ పథం. నాలుగు దిక్కులా మేధి నుంచి ముందుకు పొడుచుకొచ్చిన ఆయక వేదికలు, ఒక్కోదాని మీద ఐదేసి స్తంభాలు. ప్రాకారంలో నిలువు స్తంభాల మధ్య మూడేసి అడ్డ సూచులు (రాతి కమ్మీలు), పైన ఉష్ణీషం (పై వరస రాళ్లు).

చిక్కల్లా ఎత్తు దగ్గరే. 1816లో సర్వేయర్ కొలిన్ మెకంజీ బృందం కొలతలు తీసేనాటికే అండం పోయింది, చాలా రాళ్లు ఇళ్లకూ కట్టడాలకూ తరలిపోయాయి. దొరికిన శిల్పాల్లో ఎక్కువ భాగం చెన్నై ప్రభుత్వ మ్యూజియంలో, లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మనకున్న మంచి ఆధారం ఆ స్తూపం పలకల మీదే చెక్కిన స్తూపం బొమ్మ. ద్వారం దగ్గర స్తంభాల మీద సింహాలు, వెనక ఐదు ఆయక స్తంభాలు, అండం మీద పూలదండలు, పైన ఎగిరే దేవతలు, అన్నీ అందులో కనిపిస్తాయి. అయితే లోపలి శిల్పం కనబడాలని శిల్పి ద్వారాన్ని బాగా వెడల్పు చేశాడు. ఆ నిష్పత్తినే పట్టుకుంటే స్తూపం సన్నగా, పొడవుగా వస్తుంది. రూపం పలక నుంచి, కొలతలు నేల మీది పునాది నుంచి తీసుకోండి. ఊహించి కట్టిన అండాన్ని సాదా బూడిద రంగులో వదిలేసి, రాయి దొరికిన భాగాలకే సున్నపురాయి టెక్స్‌చర్ (ఉపరితలం మీద పరిచే చిత్రం) వేయండి. అందం కాస్త తగ్గుతుంది, పర్వాలేదు. ‘ఇది బూడిద రంగులో ఎందుకుంది టీచర్’ అని పిల్లలు అడిగితే సగం పాఠం అయిపోయినట్టే.

బ్లెండర్‌లో చిత్రం తీసేటప్పుడు రెండర్ ఇంజిన్ సైకిల్స్, కెమెరా పనోరమిక్, రకం ఈక్విరెక్టాంగ్యులర్. కెమెరాని ఎక్స్ అక్షం మీద 90 డిగ్రీలు తిప్పకపోతే దిగంతం వంకరపోతుంది. కెమెరా ఎత్తు సుమారు 1.35 మీటర్లు, అంటే పిల్లల కంటి ఎత్తు. పెద్దవాళ్ల ఎత్తులో పెడితే మూడు మీటర్లు దాటిన ప్రాకారం చిన్నబోతుంది. చిత్రం సైజు 4096×2048 చాలు, 8192 పెడితే కొన్ని పాత ఫోన్లలో నల్ల తెర వస్తుంది.

బ్లెండర్ చిత్రంలో ‘ఇది 360’ అనే సమాచారం ఉండదు. అందుకే గ్యాలరీలో సాగదీసినట్టు కనిపిస్తుంది. చిత్రాన్ని ఎ-ఫ్రేమ్ (వెబ్ పేజీలో వీఆర్ చూపించే సాధనం) పేజీలో ఎ-స్కై ట్యాగ్‌కి ఇచ్చి, వెబ్ పేజీలు ఉంచే గిట్‌హబ్ పేజెస్‌లో పెట్టండి. హెచ్‌టీటీపీఎస్ లేని చిరునామా నుంచి తెరిస్తే క్రోమ్ గైరోని వాడనివ్వదు.

ప్రశ్న: ఇలాంటి స్తూపాన్నే బ్లెండర్‌లో చేసి మెటా క్వెస్ట్ హెడ్‌సెట్‌లో తెరిస్తే దృశ్యం వణుకుతోంది, తల తిరుగుతోంది. ఫైలు సైజు మాత్రం చిన్నదే.
– డిగ్రీ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఫైలు సైజుకీ వణుకుకీ సంబంధం లేదు. సెకనుకు 72 ఫ్రేములు అందాలంటే ఒక్కో ఫ్రేముకి 14 మిల్లీసెకన్లు కూడా దొరకవు. మీరు ప్రాకారం స్తంభాల్ని ఆల్ట్+డితో నకళ్లు తీసి ఉంటారు. దానివల్ల ఫైలు చిన్నదవుతుంది గానీ డ్రా కాల్స్ (బొమ్మ గీయమని గ్రాఫిక్స్ చిప్‌కిచ్చే ఆదేశాలు) తగ్గవు, ఒక్కో స్తంభాన్నీ విడివిడిగానే గీస్తుంది. ప్రాకారాన్ని నాలుగు భాగాలు చేసి, ఒక్కో భాగాన్ని ఒకే మెష్‌గా (ఒకే 3డీ ఆకారంగా) కలపండి. అన్నిటికీ ఒకే మెటీరియల్, ఒకే 2048 టెక్స్‌చర్ ఇవ్వండి. నీడల్ని టెక్స్‌చర్‌లోకే బేక్ చేయండి, అంటే ముందే లెక్కించి చిత్రంలో కలిపేయండి. మొత్తం త్రిభుజాలు మూడు లక్షలు దాటకుండా చూసుకోండి.

స్తంభాల మీది పద్మ పతకాలకు (గుండ్రటి తామరపువ్వు చెక్కడాలకు) నార్మల్ మ్యాప్ (ఎగుడుదిగుడు ఉన్నట్టు భ్రమ కల్పించే చిత్రం) సరిపోతుంది. కాకపోతే రెండు కళ్లతో దగ్గర నుంచి చూస్తే అది చదునుగా తేలిపోతుంది. పిల్లలు చెయ్యి చాపి చూసే ఒకటి రెండు స్తంభాల మీద మాత్రం నిజంగా చెక్కండి.

తల తిరగడానికి ఇంకో కారణం జాయ్‌స్టిక్ నడక. టెలిపోర్ట్ (నడక లేకుండా ఒక చోటి నుంచి ఇంకో చోటికి గెంతడం) పెట్టి, మలుపుల్ని 30 డిగ్రీల చొప్పున ఇవ్వండి. ఎగుమతికి ముందు కంట్రోల్+ఎతో స్కేల్ అప్లై చేయడం మర్చిపోవద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి ఎనిమిదేళ్లు. క్వెస్ట్ 3ఎస్ ఇవ్వొచ్చా?
– ఒక తల్లి, డాలస్

జవాబు: వద్దండీ. తల్లిదండ్రుల పర్యవేక్షణతో అయినా మెటా ఖాతా పదేళ్లు నిండినవాళ్లకే. పైగా 3ఎస్ లెన్సుల దూరం 58, 63, 68 మిల్లీమీటర్లు, మూడే స్థానాలు. ఆ వయసు పిల్లల కళ్ల మధ్య దూరం 58 కంటే తక్కువే ఉండొచ్చు, అప్పుడు బొమ్మ మసకగా కనిపించి కళ్లు లాగుతాయి. హెడ్‌సెట్ మీరు పెట్టుకుని, దృశ్యాన్ని టీవీకి కాస్ట్ చేయండి. ఎటు చూడాలో బాబునే చెప్పమనండి.