అటక మీద దొరికిన వాల్వు రేడియోకి ముందే ప్లగ్గు పెట్టకండి

తెనాలిలో అమ్మమ్మగారింటి అటక మీద వాల్వు రేడియో, అంటే లోపల గాజు బల్బుల్లాంటి వాల్వులతో పనిచేసే పాత రేడియో, దొరికిందనీ, ముప్పై ఏళ్లుగా ఎవరూ ఆన్ చేయలేదనీ, మెకానిక్‌ని అడిగితే లోపలిదంతా పీకేసి బ్లూటూత్ బోర్డు పెట్టేస్తానన్నాడనీ రాశారు. మళ్లీ అసలు రేడియోలా పలుకుతుందా అని అడిగారు. పలుకుతుందండీ. ఎలకలు వైర్లు కొరికేయకుండా, ట్రాన్స్‌ఫార్మర్లు బాగుంటే చాలావరకు పలుకుతుంది. కానీ దయచేసి ఇప్పుడే ప్లగ్గు పెట్టకండి, ఒక్కసారి పెట్టి చూద్దాం అని కూడా అనుకోకండి.

నేను విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటాను. 2011 సంక్రాంతికి మా నాన్నగారి రేడియో కిందికి దించి, దుమ్ము దులిపి, ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టి స్విచ్చి వేశాను. పది నిమిషాలు పాట వచ్చింది కూడా, కాస్త బొంగురుగా. ఆయన నాబ్ తిప్పుతూ స్టేషన్ సరిచేసుకుంటున్నారు. ఇంతలో మైనం కాలిన వాసన. వెనక్కి వెళ్లి చూస్తే ఒక వాల్వులో రేకు కొలిమిలో ఇనుములా ఎర్రబడి ఉంది. నేను ప్లగ్గు పీకేలోపే, స్పీకర్‌కి పాట అందించే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోయింది. నాన్నగారు ఒక్క మాట అనలేదు, కండువాతో డయల్ అద్దం తుడిచి లోపలికి వెళ్లిపోయారు. ఆ తర్వాతే నేను ఈ పని పట్టుబట్టి నేర్చుకున్నాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌కి వన్‌టౌన్‌లో వైండింగ్ చేసే ఒక పెద్దాయన మళ్లీ తీగ చుట్టిపెట్టారు, ఆ రేడియో ఇప్పటికీ మా హాల్లో పాడుతోంది.

దానికి కారణం వేలెడంత కండెన్సర్. ఆ కాలపు సెట్లలో మైనం పూసిన కాగితం కండెన్సర్లు ఉంటాయి, మన ఉక్కకీ తేమకీ ఏళ్ల తరబడి నాని, డీసీని ఆపాల్సింది పోయి లీకు చేస్తాయి. అందులో ఒకటి ముందు వాల్వు ప్లేటు నుంచి, స్పీకర్‌ని పలికించే అవుట్‌పుట్ వాల్వు గ్రిడ్‌కి, అంటే ఆ వాల్వులో కరెంటుని అదుపు చేసే తీగకి వెళ్తుంది. అది లీకైతే గ్రిడ్ మీదికి ప్లస్ వోల్టేజీ ఎక్కి, వాల్వు పట్టపగ్గాల్లేకుండా కరెంటు లాగుతుంది, అటు వాల్వూ ఇటు ట్రాన్స్‌ఫార్మరూ రెండూ పోతాయి. అది మార్చకుండా ఆన్ చేయొద్దు. అంతే విలువది, 630 వోల్టులది పాలిస్టర్ కండెన్సర్ వేస్తే చాలు. మార్చాక కూడా, ఈఎల్ 84 వాల్వు అయితే రెండో పిన్నుకీ (అదే గ్రిడ్) చాసిస్‌కీ, అంటే లోపలి ఇనప చట్రానికీ మధ్య మీటర్ పెట్టి చూడండి, సున్నా దగ్గర ఉండాలి. ఒక వోల్టు ప్లస్ చూపించినా మళ్లీ వెతకాల్సిందే.

తర్వాత ఫిల్టర్ కండెన్సర్లు, అంటే నిలువుగా ఉండే అల్యూమినియం డబ్బా. ఎండిపోయి ఉంటాయి. కొందరు మెల్లగా వోల్టేజీ ఎక్కించి వాటినే బతికిస్తారు, నాకు ఆ నమ్మకం లేదు, నేను మార్చేస్తాను. డబ్బాని అందం కోసం అలాగే ఉంచి, దాని వైర్లు విడదీసి, కింద 47 మైక్రోఫారడ్ 450 వోల్టులవి కడతాను. హమ్, అంటే గుయ్యిమనే మోత తగ్గుతుందని ఇంకా పెద్దవి పెట్టకండి, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ వాల్వు ఈజెడ్ 80 అయితే దాని పక్కనే ఉండే మొదటి కండెన్సర్ 50 దాటకూడదు. విడిభాగాలు గవర్నరుపేటలో దొరక్కపోతే హైదరాబాద్ కోఠీ గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో చూడండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు సిరీస్ బల్బు, అంటే రేడియోకి వెళ్లే కరెంటు తన గుండానే పోయేలా మధ్యలో కట్టే బల్బు, తప్పనిసరి. పాత 60 వాట్ల ఫిలమెంటు బల్బు, ఎల్ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి వెలిగి మందగిస్తే దిగులు లేదు, నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే తీసేయండి, లోపల ఎక్కడో షార్టు ఉంది. ఆపేశాక కూడా ఫిల్టర్లలో రెండు వందల వోల్టులకు పైగా నిలబడి ఉండొచ్చు. ఆ ఛార్జిని 10 కిలో ఓమ్ 5 వాట్ల రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూసుకున్నాకే లోపల చెయ్యి పెట్టండి.

ఇది ఇంకా ముఖ్యం. వాల్వుల మీద అక్షరాలు చూడండి. ఈసీహెచ్ 81, ఈఎల్ 84 లాగా 'ఈ'తో మొదలైతే మామూలుగా లోపల మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది. యూసీహెచ్ 81, యూవై 85 లాగా 'యూ'తో మొదలైతే ఏసీ డీసీ సెట్టు, అంటే మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా నేరుగా ఇంటి కరెంటుకి కలిసేది, చాసిస్‌కే కరెంటు తగులుతుంది. అలాంటిది ఇంట్లో ఒంటరిగా విప్పకండి, తెలిసినవాళ్లకి ఇవ్వండి.

బ్లూటూత్ సంగతి. నా మాట వినండి, లోపలిది పీకనివ్వకండి. ఆ వాల్వులూ కాయిల్సూ చెత్తబుట్టలోకి పోతే మిగిలేది చెక్కపెట్టె ఒక్కటే. ఫోన్ పాటలే కావాలంటే, చాలా సెట్లకి వెనక గ్రామఫోన్ పికప్ సాకెట్ ఉంటుంది, అందులోకి ఒక వైరు పెడితే ఒక్క టాంకా కూడా విప్పకుండా ఫోన్ పాట ఆ స్పీకర్లోంచే వస్తుంది. 'యూ' సెట్టుకి మాత్రం ఫోన్ తగిలించొద్దు.

వాల్యూమ్ తిప్పితే గరగరలాడితే కాంటాక్ట్ క్లీనర్ కొట్టండి, కొబ్బరినూనె వేయకండి, దుమ్ము పట్టి ఇంకా పాడవుతుంది.

అంతా అయ్యాక మీడియం వేవ్‌లో 837 కిలోహెర్ట్జ్ పట్టండి, డయల్ మీద మీటర్లుంటే 358 దగ్గర. అది మన విజయవాడ కేంద్రం, 1948 నుంచి ఉన్న స్టేషను. గుర్రుమని మోత వస్తే రేడియోని తిట్టకండి, ఇంట్లో ఎల్ఈడీ బల్బులూ ఛార్జర్లూ ఆపి చూడండి, అప్పటికీ తగ్గకపోతే డాబా మీద ఇరవై అడుగుల తీగ కట్టి ఏరియల్‌కి కలపండి. పాత ఇళ్లలో ఏరియల్‌గా గోడల మధ్య కట్టే రాగి వల పట్టీ అటక మీదే ఎక్కడో చుట్టగా ఉండొచ్చు, పారేయకండి. మ్యాజిక్ ఐ, అంటే స్టేషన్ సరిగ్గా పట్టిందో లేదో వెలుగుతో చూపించే చిన్న వాల్వు ఉన్న సెట్టయితే, స్టేషన్ దగ్గరపడేకొద్దీ ఆ పచ్చ వెలుగు రెండు అంచులూ ఒకదానికొకటి దగ్గరవుతాయి, పిల్లల్ని పిలిచి చూపించండి.

ముందుగా వెనక అట్ట తీసి, వాల్వుల మీద నంబర్లు ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. నంబర్లు అరిగిపోతాయి కాబట్టి గట్టిగా తుడవొద్దు. ఏ కండెన్సర్ ముందు మార్చాలో ఆ ఫోటో చూసి చెబుతాను.