నీరసం, కళ్ళు తిరగడం కలిసొస్తుంటే

చిట్టితల్లీ,

ఊరికే అలిసిపోతున్నానని, లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయని రాశావు. రెండింటికీ రెండు మందులు వెతుక్కోకు, చాలాసార్లు మూలం ఒకటే ఉంటుంది. మెదడు మన బరువులో 2 శాతమే అయినా, ఒళ్ళు వాడుకునే ఆక్సిజన్‌లో 20 శాతం దాకా దానికే పోతుంది. సరఫరా కాస్త తగ్గినా ఒళ్ళు నీరసిస్తుంది, తల తూలుతుంది.

అది ఏ వేళ, ఏం చేస్తుంటే వస్తోందో ముందు కనిపెట్టు. నిలబడగానే అర లీటరుకి పైగా రక్తం పొట్టలోకి, కాళ్ళల్లోకి దిగుతుంది. రక్తనాళాలు బిగుసుకుని, గుండె వేగం పెంచి దాన్ని సర్దుకుంటాయి. ఒంట్లో నీరు తగ్గినా, బీపీ బిళ్ళల మోతాదు ఎక్కువైనా ఆ సర్దుబాటు కుదరదు. ఇంట్లో బీపీ మిషన్ ఉంటే 5 నిమిషాలు పడుకుని ఒకసారి చూసుకో. లేచి నిలబడ్డాక 1 నిమిషానికి, 3 నిమిషాలకి మళ్ళీ చూడు. పడుకున్నప్పటి కన్నా పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ పడిపోతే ఆ కాగితం డాక్టరుకి చూపించు. బిళ్ళలు మాత్రం నీ అంతట నువ్వు మానేయకు.

మెట్లెక్కితే ఆయాసం, గుండెదడ కూడా ఉంటే రక్తహీనతేమో చూడాలి. గర్భిణి కాని ఆడవాళ్ళకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గకూడదు. నెలసరి ఎక్కువగా అవుతుంటే దాచకుండా చెప్పు. ఆ ముక్క మింగేసి అలసట ఒక్కటే చెప్పుకునేవాళ్ళని ఎంతమందిని చూశానో! ఐరన్ బిళ్ళలతో సరిపెట్టుకోకు, రక్తం ఎందుకు తగ్గిందో తేలాలి. అదే చేత్తో షుగర్, థైరాయిడ్, బి12 కూడా చూపించుకో.

పక్క మీద ఒత్తిగిలినప్పుడు గదంతా గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతోందా? అయితే అది చాలావరకు లోపలి చెవి గొడవ. దానికి టానిక్కులు పనిచెయ్యవు. డాక్టరు తలని ఓ పద్ధతిలో తిప్పి చేసే చికిత్సతో చాలామందికి తగ్గుతుంది.

మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక పక్క చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ఛాతీలో నొప్పొచ్చినా, స్పృహ తప్పినా, మలం తారులా నల్లగా పోయినా ఇవేవీ ఆలోచిస్తూ కూర్చోవద్దు, నేరుగా ఆసుపత్రికే.

అప్పటిదాకా కళ్ళు తిరిగిన చోటే కూర్చో, గోడ పట్టుకుని నడవబోకు. తెల్లారి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు ఆడించి, అప్పుడు నిలబడు. వేసుకుంటున్న మందుల పేర్లన్నీ ఒక కాగితం మీద రాసి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళు, జలుబు బిళ్ళలతో సహా.

మీ పెద్దమ్మ