టెస్టోస్టెరాన్ ఎక్కువగా ఉన్నా వీర్యకణాలు ఎందుకు లేవు?

ప్రశ్న: నా వయసు 29 ఏళ్లు. పెళ్లయి రెండేళ్లయినా సంతానం కలగలేదు. వీర్య పరీక్ష చేయిస్తే కణాలు ‘నిల్’ అని వచ్చింది. కండలు పెరుగుతాయని జిమ్ ట్రైనర్ చెబితే ఏడాదిగా టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్లు తీసుకుంటున్నాను. రక్త పరీక్షలో ఆ హార్మోన్ ఎక్కువగానే ఉంది. మగ హార్మోన్ అంత ఉండగా వీర్యకణాలు లేకపోవడం ఎలా సాధ్యం?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మీ రెండు రిపోర్టులూ ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపిస్తున్నా, రెండింటికీ కారణం ఆ ఇంజెక్షనే కావచ్చు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్లు వచ్చి ప్రేరేపిస్తేనే వృషణాలు టెస్టోస్టెరాన్‌నూ వీర్యకణాలనూ తయారుచేస్తాయి. రక్తంలో పెరిగిన టెస్టోస్టెరాన్ ఒంట్లో తయారైనదో, సూదితో ఎక్కించినదో మెదడుకు తెలియదు కనుక, ఇక చాలన్నట్టు ఆ రెండు హార్మోన్ల విడుదలనూ తగ్గించేస్తుంది. వీర్యకణాలు ఎదగాలంటే వృషణాల లోపల టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాఢతలో ఉండాలి. ఆ గాఢత అక్కడే తయారయ్యే హార్మోన్‌తో వస్తుంది గానీ తుంటికి చేసిన ఇంజెక్షన్‌తో రాదు. అందుకే ఒకవైపు కండలు పెరుగుతూ ఉండగానే వృషణాలు చిన్నబడి, కణాల ఉత్పత్తి ఆగిపోతుంది.

ఇదే మందును పురుషులకు గర్భనిరోధకంగా వాడవచ్చేమోనని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించిందంటే మీరు ఆశ్చర్యపోవచ్చు. 1990లో వెలువడిన ఆ అధ్యయనంలో ఆరోగ్యవంతులైన 271 మందికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇవ్వగా, 157 మందిలో వీర్యకణాలు పూర్తిగా లేకుండా పోయాయి. వారు మరే జాగ్రత్తా లేకుండా ఏడాది పాటు ఆ ఇంజెక్షన్ మీదే ఆధారపడితే, ఒకే ఒక్క గర్భం వచ్చింది. సంతానం కోరుకుంటున్న మీరు తెలియకుండా వాడుతున్నది అలాంటి మందునే.

అయినా కారణం ఇదేనని ముందే తీర్మానించకండి. ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ పరీక్షలు చేయించుకోండి: రెండూ బాగా తగ్గి ఉంటే ఇంజెక్షన్లే కారణమయ్యే అవకాశం ఎక్కువ, ఎఫ్‌ఎస్‌హెచ్ పెరిగి ఉంటే లోపం వృషణాల్లోనే ఉండవచ్చు, రెండూ మామూలుగా ఉంటే వీర్యకణాలు బయటికి వచ్చే నాళాల్లో అడ్డంకి ఉందేమో చూడాలి. వీర్య పరీక్ష కూడా రెండు నుంచి ఏడు రోజులు స్ఖలనం లేకుండా ఉండి మరోసారి చేయించాలి.

ఇంజెక్షన్లు ఆపితే చాలామందిలో ఆరు నెలల నుంచి ఏడాది లోపు కణాలు తిరిగి కనిపిస్తాయి. ఎక్కువ కాలం, ఎక్కువ మోతాదులో వాడినవారికి రెండేళ్లు కూడా పట్టవచ్చు, కొందరిలో మునుపటి స్థాయికి రాకపోవచ్చు. ఒక వీర్యకణం తయారు కావడానికే దాదాపు 74 రోజులు పడుతుంది కనుక నెల తిరగ్గానే పరీక్ష చేయించి నిరాశపడవద్దు. ఆపిన కొత్తలో నీరసం, దిగులు, కోరికలు తగ్గడం సహజం. వాటిని తట్టుకోలేక చాలామంది మళ్లీ సూదికే వెళతారు. కాబట్టి ఎండోక్రైనాలజిస్ట్ (హార్మోన్ల వైద్యులు) లేదా ఆండ్రాలజిస్ట్ (పురుషుల సంతాన సమస్యల వైద్యులు) పర్యవేక్షణలో ఆపండి. అవసరమైతే వృషణాలు మళ్లీ పనిచేసేలా ప్రేరేపించే హెచ్‌సీజీ ఇంజెక్షన్లో, క్లోమిఫీన్ మాత్రలో వారే రాస్తారు. జిమ్‌లో ‘పీసీటీ’ (పోస్ట్ సైకిల్ థెరపీ, అంటే ఇంజెక్షన్ల కోర్సు ముగిశాక వాడే మందులు) పేరుతో అంటగట్టేవి కూడా ఇవే అయినా, మోతాదు నిర్ణయించడం ట్రైనర్ పని కాదు.

ప్రశ్న: పండుగలకూ తిరుమల ప్రయాణాలకూ మా అమ్మాయి (22) నెలసరి వాయిదా మాత్రలు వేసుకుంటోంది. పెళ్లయ్యాక పిల్లలు పుట్టడం కష్టమవుతుందా?
– ఒక తల్లి, ఏలూరు

జవాబు: లేదమ్మా, ఆ భయం అక్కర్లేదు. ఆ మాత్రల్లో ఉండే నోరెథిస్టెరాన్ గర్భాశయపు పొర రాలిపోకుండా నిలబెడుతుంది. మానేసిన రెండు మూడు రోజుల్లో నెలసరి వచ్చేస్తుంది, సంతాన సామర్థ్యం పోదు. అయితే కాళ్లలోగానీ ఊపిరితిత్తుల్లోగానీ రక్తం గడ్డకట్టిన చరిత్ర, కాలేయ వ్యాధి ఉన్నవారు దీన్ని వాడకూడదు. అందువల్ల మందుల షాపులో అడిగి కొనకుండా, ఒకసారి డాక్టరుకు చూపించి చీటీ రాయించుకోండి. మాత్రలు మానేసిన పది రోజులకు కూడా నెలసరి రాకపోయినా, వాడుతుండగా ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయకుండా వైద్యులను కలవాలి.