‘గెలీలియో’ సీరియల్‌లో యుకావా పోలీసు శాఖ మనిషేనా?

కాదు. 2007లో జపాన్‌లోని ఫుజి టీవీలో వచ్చిన ‘గెలీలియో’లో యుకావా పోలీసూ కాదు, ఫోరెన్సిక్ నిపుణుడూ కాదు, ఓ కల్పిత విశ్వవిద్యాలయంలో ఫిజిక్స్ చెప్పే అసోసియేట్ ప్రొఫెసర్.

వేలిముద్రలు, రక్తపు మరకలు, డీఎన్ఏ చూడటానికి అక్కడి పోలీసులకు సొంత ల్యాబులున్నాయి. అసలు ఇలా జరగడమే అసాధ్యం అనిపించే కేసు ఎదురైనప్పుడే డిటెక్టివ్ ఉత్సుమి ఈయన గడప తొక్కుతుంది. నేరం ఎవరు చేశారన్నది ఆయనకు పెద్దగా పట్టదు. ఎలా జరిగిందన్నదే కావాలి.

మొదటి ఎపిసోడ్‌నే తీసుకోండి (చూడనివాళ్లు ఈ పేరా దాటేయండి, సస్పెన్స్ పోతుంది). రాత్రి వీధిలో ఉన్న కుర్రాడి తల ఉన్నట్టుండి భగ్గున అంటుకుంటుంది. కారణం, దగ్గర్లోని ఫ్యాక్టరీలో వాడే కార్బన్ డయాక్సైడ్ లేజర్. దాని కిరణం ఇన్‌ఫ్రారెడ్ కాబట్టి కంటికి ఆనదు. గురి సరిచూసుకోవడానికి వాడే ఎర్ర లేజర్ మాత్రం కనిపిస్తుంది. ఓ పాప చూశానన్న ‘ఎర్ర దారం’ అదే.

పేరు చూసి ఇటలీ శాస్త్రవేత్త జీవితకథ అనుకునేవాళ్లు ఉన్నారు. అది యుకావాకు పోలీసులు పెట్టిన మారుపేరు మాత్రమే. అసలు గందరగోళం ఇంకోచోట ఉంది. టీవీ అసాహిలో 1999లో మొదలైన క్యోటో పోలీసు ల్యాబ్ సీరియల్‌తో చాలామంది దీన్ని కలిపేస్తారు. నిజంగా ల్యాబ్ ఉద్యోగి అయిన నాయిక మరికో ఉన్నది అందులో. ఫోరెన్సిక్ పరీక్షలే చూడాలనుకుంటే దాన్నే చూడండి.