రాయి దగ్గర తొందరపడకు

ప్రియమైన చిట్టికి,

పెదనాన్న వందనాలు. సంక్రాంతి సెలవుల్లో బండి మీద ఒంగోలు చుట్టుపక్కల పాత చర్చిలు, రోడ్డు పక్క జ్ఞాపకార్థం నిలిపిన రాళ్లు చూసి రాసుకుంటానని మీ నాన్న చెప్పాడు. నలభై ఏళ్లు బడి సెలవుల్లో నేను చేసిన పని అదే. అందుకే తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

ఊళ్లోకి దిగగానే కెమెరా తీయకు. పాస్టరుగారినో సంఘపెద్దనో కలిసి, ఎవరి అమ్మాయివో చెప్పు. చెప్పులు బయట విడిచి లోపల కాసేపు కూర్చో. ఆరాధన జరుగుతుంటే ఫోటోలు వద్దు. అది ముగిశాక మాత్రం ముసలివాళ్లంతా అక్కడే ఉంటారు, నీకు కావలసింది వాళ్లే.

శంకుస్థాపన రాయి చాలాచోట్ల తలుపు పక్క గోడలో నడుమెత్తున ఉంటుంది. ఏటా క్రిస్మస్‌కి సున్నమో రంగో కొట్టీ కొట్టీ అక్షరాలు పూడిపోయి ఉంటాయి. నా పాతికేళ్ల వయసులో ఒక పల్లెలో అలాంటి రాయిని మేకుతో గోకాను. సున్నంతో పాటు ఒక పేరులోని వత్తు కూడా పెచ్చులా ఊడి వచ్చింది. ఆ ముక్కను అరచేతిలో పెట్టుకుని అక్కడే కూలబడిపోయాను. ఆ రోజుతో ఆ పేరు పూర్తిగా చదివే వీలు పోయింది. నువ్వు గోకొద్దు. ముగ్గుపిండి, సుద్ద, నూనె ఏవీ రాయొద్దు. తడిగుడ్డతో మెల్లగా అద్ది, సాయంత్రం ఎండ ఏటవాలుగా పడేదాకా ఆగు. అప్పుడు గుంటల్లోకి నీడ దిగి అక్షరం దానంతట అదే పైకి తేలుతుంది. ఎండ లేకపోతే సెల్‌ఫోన్ లైటు పక్క నుంచి, గోడకి ఆనించినట్టు వెయ్యి.

తెలుగు అంకెలు నేర్చుకునే రా. ౧౮౭౮ (1878) అని ఉంటే తడుముకోకూడదు. ఇంకొకటి, అక్షరం పక్కన ౯ లాంటి గుర్తు కనబడితే అన్నిసార్లూ అది తొమ్మిది కాదు. వలపలగిలక అంటారు దాన్ని, అక్షరానికి ముందు పలికే 'ర్'కి పాతకాలపు గుర్తు. 'ధర్మము'ని 'ధమ౯ము' అని రాసేవాళ్లు. దాన్ని అంకె అనుకుని సంవత్సరం తప్పు రాసుకున్నవాళ్లను చూశాను.

వెల్లంపల్లికి మాత్రం ఒక పూట పూర్తిగా కేటాయించు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది అక్కడే. అందరూ అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర పేరే చెబుతారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది మాత్రం ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున, వంతులవారీగా. దానికి ముందు 1876 నుంచి కరువు. క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి ఇప్పించాడు. కూటి కోసం మతం మారారని కొందరు నీ ముఖం మీదే అంటారు. వాదించకు, వాళ్ల మాటా రాసుకో. దాని కిందే, పనులు నడిచినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడన్న సంగతి కూడా రాయి.

ఒంగోలు కొండ ఎక్కితే తెల్లవారుజామునే ఎక్కు. 1854 జనవరి 1న మిషనరీలు జూయెట్ దంపతులు ప్రార్థన చేసింది ఆ వేళకే. వాళ్లతో నర్సు, రూతు, జూలియా అని మనవాళ్లు ముగ్గురు ఉన్నారు. ఆ పేర్లు వదలకు. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ 1866లో విశ్వాసులయ్యారు. మాదిగపల్లెల్లో సువార్త పాకింది ఆయన కాళ్ల మీద. నాకు క్లౌ దొర అంటే గౌరవమే, కానీ పేరయ్య లేకుండా ఆయన కథ చెబితే నేను ఒప్పుకోను.

రోడ్డు పక్క రాళ్లతో ఒక చిక్కుంది. హైవే వెడల్పు చేసినప్పుడు కొన్నిటిని పెకలించి ఏ చెట్టు మొదట్లోనో ఆనించి పోయారు. అందుకని రాయి ఉన్నచోటే సంగతి జరిగిందనుకోవద్దు. ఇది మొదట్నుంచీ ఇక్కడే ఉందా అని టీ కొట్టు ముసలాయన్ని అడుగు. మైలురాళ్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, ఫోటో తీసుకుంటే చాలు.

సమాధుల దగ్గర దీపాలు, పూలు కదపకు. బాప్తిస్మపు రిజిస్టరు చూపిస్తే ఫోటో తీసే ముందు అడుగు, పేజీ మూల తడిచేత్తో తిప్పకు. మా నాయనమ్మ వాళ్ల నాన్న పేరు అలాంటి ఒక పుస్తకంలోనే దొరికింది నాకు, ఇంటిపేరు లేకుండా, 'కూలి' అని పక్కన రాసి.

శనివారం రాత్రికే ఇంటికి వచ్చెయ్. నా పాత నోటుబుక్కులు అటక మీద నుంచి దింపి ఉంచుతాను.

ప్రేమతో,
పెదనాన్న