తవుడులో భాస్వరం ఉంది, పందికే అందడం లేదు

ప్రశ్న: మాది రాయగడ జిల్లా గుణుపురం దగ్గర పల్లె. 30 కిలోలకు వచ్చిన పంది పిల్లలు పన్నెండు ఉన్నాయి. 100 కిలోల దాణాకి మొక్కజొన్న నూక 50, తవుడు 35, వేరుశనగ చెక్క 15 కిలోలు. పైన గుల్లపొడి 3 కిలోలు వేసి అంతా ఉడకబెట్టి పెడుతున్నాను. ఎదుగుదల లేదు. గోడలు కొరుకుతున్నాయి, రెండు పిల్లలు వెనక కాళ్లు ఈడుస్తున్నాయి. పరీక్ష చేయిస్తే దాణాలో భాస్వరం 0.75 శాతం ఉంది, చాలన్నారు. ఇదే తవుడు తినే మా ఆవుకి ఏ లోటూ లేదు. ఎందుకిలా?

జవాబు: మీ ఆవు దగ్గరే మొదలుపెడదాం. గింజల్లో, తవుడులో, చెక్కలో ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటిక్ ఆమ్లం రూపంలో బిగిసి ఉంటుంది. మొలకెత్తేటప్పుడు పనికొస్తుందని గింజ దాచుకునే నిల్వ అది. దాన్ని విడగొట్టడానికి ఫైటేజ్ అనే ఎంజైమ్ కావాలి. ఆవు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని తయారు చేసుకుంటాయి. పంది పొట్టలో అది లేనట్టే లెక్క.

పరీక్షలో వచ్చింది మొత్తం భాస్వరం. మీ దాణా కిలోలో 7.5 గ్రాములు ఉన్నా, పందికి ఒంటబట్టేది 2 గ్రాముల లోపే ఉండొచ్చు. ఈ వయసులో వాటికి సుమారు 3 గ్రాములు కావాలి. మిగతాదంతా పెంటలో పోతుంది. కొట్టం కడిగిన నీళ్లు కాలువలో పడి వంశధారకి చేరితే అక్కడ నాచు పెంచుతుంది.

ఇక గుల్లపొడి. కాళ్లు బలహీనంగా ఉన్నాయని సున్నం పెంచడం అందరూ చేసే పనే, కానీ 3 కిలోలు చాలా ఎక్కువ. గుల్లపొడిలో ఉండే కాల్షియం ఎక్కువైతే ఫైటిక్ ఆమ్లంతో కలిసి ఇంకా గట్టిగా బిగుసుకుంటుంది, జింకుని కూడా పట్టేస్తుంది. జింకు లోటు వచ్చిందేమో తెలియడానికి పిల్లల పొట్ట కింద, కాళ్ల మీద చర్మం అట్టలు కట్టిందేమో చూడండి. దాన్ని గజ్జి అనుకుని నూనె పూసేవాళ్లని చాలామందిని చూశాను.

బజారులో ఫైటేజ్ పొడి దొరుకుతుంది. కిలో దాణాకి 500 యూనిట్లు అందాలి. ప్యాకెట్ మీద గ్రాముకి 5,000 యూనిట్లు అని ఉంటే 100 కిలోలకి 10 గ్రాములు చాలు. 10,000 అని ఉంటే 5 గ్రాములే. ఇంత కొద్ది పొడిని నేరుగా కుప్ప మీద చల్లితే ఒక పందికి అంతా, ఇంకోదానికి సున్నా. ముందు దోసెడు తవుడులో కలపండి, దాన్ని ఐదు కిలోల తవుడులో, ఆ తర్వాతే మొత్తంలో. దీనితో కిలోకి సుమారు ఒక గ్రాము భాస్వరం అదనంగా అందుతుంది.

అసలు జాగ్రత్త పొయ్యి దగ్గర. ఉడికే గంజిలో వేస్తే ఎంజైమ్ చచ్చిపోతుంది, డబ్బులు దండగ. నూక ఒక్కటే ఉడికించుకోండి. అది చల్లారి, చెయ్యి పెడితే కాలనంతగా అయ్యాక మిగతావి కలపండి. తవుడు 25 కిలోలకి తగ్గించి ఆ చోట గోధుమ తవుడు 10 కిలోలు వేస్తే ఇంకా మంచిది. గోధుమ తవుడులో సహజంగానే ఫైటేజ్ ఉంటుంది. దాన్ని ఉడకబెట్టకుండా రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున పెట్టండి.

100 కిలోల దాణాకి గుల్లపొడి ఒక్క కిలోకి దించండి. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్, కాల్షియం, భాస్వరం రెండూ ఉన్న పొడి) అర కిలో, ఉప్పు 300 గ్రాములు, జింకు ఉన్న ఖనిజ మిశ్రమం ప్యాకెట్ మీద రాసిన మోతాదులో వేయండి. ఫైటేజ్ వేస్తున్నాం కదా అని డీసీపీ పూర్తిగా మానేయకండి.

కాళ్లు ఈడ్చే రెంటినీ విడిగా, జారని నేల మీద గడ్డి పరిచి ఉంచండి. కీలు వాచి వేడిగా తగిలినా, జ్వరం ఉన్నా అది మేత లోపం కాకపోవచ్చు, వెంటనే పశువైద్యుడికి చూపించండి. మిగతా పదింట్లో ఓ నాలుగింటిని ఇవాళే తూచి రాసి పెట్టుకోండి, నెల తర్వాత మళ్లీ తూచి నాకు రాయండి.