అమెరికాలో కుక్కకు పచ్చి మాంసం గ్రూపుగా కొంటే లాభమేనా?

ధరలో లాభమే, ఇంట్లో డీప్ ఫ్రీజర్ ఉంటే. ఈ గ్రూపుల్లో అందరి ఆర్డర్లూ కలిపి హోల్‌సేల్ వ్యాపారి దగ్గర చికెన్ మెడలు, వెన్ను ముక్కలు, లివర్ పెట్టెల లెక్కన తెప్పిస్తారు. పెట్టె తరచూ 40 పౌండ్లు, అంటే దాదాపు 18 కిలోలు ఉంటుంది. చెప్పిన రోజున, చెప్పిన చోటికి మనమే వెళ్లి తెచ్చుకోవాలి (ఐస్ బాక్స్ మర్చిపోవద్దు!). చేరేముందు, సరుకు మనుషులు తినే గ్రేడేనా, లాట్ నంబర్ (ఏ బ్యాచ్ సరుకో చెప్పే నంబర్) ఇస్తారా అని అడగండి. రీకాల్ వస్తే, అంటే లోపం ఉందని సరుకును వెనక్కి పిలిస్తే, అదే ఆధారం.

ఫ్రీజ్ చేసినంత మాత్రాన సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా చావదు. 2024 డిసెంబరులో ఒరెగాన్‌లో ఒక పెంపుడు పిల్లి పచ్చి టర్కీ మాంసంతో చేసిన ఆహారం తిని బర్డ్ ఫ్లూతో చనిపోయింది. ఇంట్లో పిల్లి ఉన్నా, పసిపిల్లలున్నా నేనైతే ఎముకలు తీసేసి, ఉడికించే పెడతాను.